అవార్డు వచ్చిన తరువాత డాక్యుమెంటరీ దర్శకుల జీవనం ఎలా సాగుతుంది?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది: మాదాపూర్‌లో ఐటీ ఉద్యోగంలో చేరి ఆరేళ్లు గడిచాయి, డాక్యుమెంటరీలు తీయాలని కోరిక ఉంది, ఒక పెద్ద అవార్డు వస్తే ఆ తరువాత ఈ రంగంలో నిలదొక్కుకోవచ్చా, అవార్డులు పొందినవారి వృత్తిజీవితం లోపలి నుంచి చూస్తే ఎలా ఉంటుంది. నేను దర్శకత్వం వహించలేదు. 2004 నుంచి యూసుఫ్‌గూడలో ఒక చిన్న గదిలో కూర్చుని ఇతరులు చిత్రీకరించుకొచ్చిన దానిని కూర్చే ఎడిటర్‌ను. అందులో పద్నాలుగేళ్లు ఒకే దర్శకురాలితో పనిచేశాను. ఆమె చిత్రానికి జాతీయ స్థాయిలో ఒక అవార్డు కూడా వచ్చింది. ఆమె అనుమతి తీసుకునే రాస్తున్నాను గాని, పేరు మాత్రం వద్దన్నారు. దర్శకులు తమ ప్రయాణం గురించి వేదికల మీద చెప్పేటప్పుడు కొన్ని సంగతులు సహజంగానే జారిపోతాయి. ఎడిటర్ దగ్గర అవి తేదీలతో సహా మిగిలి ఉంటాయి.

ఆ చిత్రం లక్క గాజుల గురించినది. చార్మినార్ పక్కన లాడ్ బజార్ దుకాణాల్లో మెరిసే గాజులు చాలావరకు ఆ దుకాణాల్లో తయారయ్యేవి కావు. పాతబస్తీ గల్లీల్లోని ఇళ్లలో బొగ్గుల కుంపటి మీద లక్కను కరిగించి, సాగదీసి, గుండ్రంగా వంచి, వేడి తగ్గకముందే రాళ్లను, అద్దం ముక్కలను ఒక్కొక్కటిగా అద్దుతారు. ఆ పని చేసే ఒక పెద్దావిడను దర్శకురాలు నాలుగేళ్లపాటు చిత్రీకరించారు. నా దగ్గరకు వచ్చిన ఫుటేజ్ 140 గంటలు, చివరికి తయారైన చిత్రం 58 నిమిషాలు. రోజుకు ఆరు గంటలు చూసినా, ఒక్క కత్తిరింపు కూడా చేయకుండా ఆ ఫుటేజ్ మొత్తం చూడడానికే ఇరవైమూడు రోజులు దాటుతాయి. ఫిల్మ్ రోజుల్లో ఈ అవస్థ ఇంకొక రకంగా ఉండేది: 16 ఎంఎం కెమెరాలో 400 అడుగుల రోలు సుమారు పదకొండు నిమిషాల్లో అయిపోతుంది కాబట్టి, మీట నొక్కేముందే దర్శకులు పదిసార్లు ఆలోచించుకునేవారు. ఇప్పుడు ఆ ఆలోచన అంతా ఎడిటింగ్ గదికి వాయిదా పడింది. దాని భారం ఎవరి మీద పడిందో నేను వేరుగా చెప్పనక్కరలేదనుకుంటాను.

డబ్బు సంగతి దాచకుండా చెబుతాను. ఆ చిత్రానికి మొత్తం పదకొండు లక్షలు ఖర్చయింది. అందులో ఐదు లక్షలు ఒక సంస్థ ఇచ్చిన గ్రాంటు. మిగిలిన ఆరు లక్షలు ఆమె ఇతర పనుల్లో సంపాదించినవీ, అన్నగారి దగ్గర అప్పుగా తెచ్చినవీ. అవార్డుతో వచ్చిన నగదు లక్ష రూపాయలు. ఢిల్లీ నుంచి తిరిగివచ్చిన వారం ఆమె మిఠాయి డబ్బాతో పాతబస్తీకి వెళ్లారు, నేనూ వెంట వెళ్లాను. ఖాలా (మేమంతా ఆ పెద్దావిడను అలాగే పిలిచేవాళ్లం) పతకాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మొహమాటమేమీ లేకుండా, "కిత్తే పైసే మిలే?" అని అడిగింది. దర్శకురాలు వచ్చినదీ ఖర్చయినదీ రెండూ చెప్పారు. ఖాలా నవ్వి, ఈ పని కూడా తమ గాజుల పనిలాగే ఉన్నదని, చేసేది ఒకరైతే దుకాణంలో కూర్చునేది ఇంకొకరని ఉర్దూలో అన్నది. మీ ప్రశ్నకు ఇంతకంటే సూటి జవాబు నేను ఎక్కడా వినలేదు.

ప్రభుత్వం ఇచ్చే నగదు ఇటీవల పెరిగిన మాట నిజం. 2024 అక్టోబరులో ప్రదానం చేసిన 70వ జాతీయ చలనచిత్ర అవార్డుల నుంచి స్వర్ణ కమలానికి 3 లక్షలు, రజత కమలానికి 2 లక్షలు ఇస్తున్నారు. అయినా, నాలుగేళ్ల పనికి దీనిని ఆదాయంగా లెక్కవేసుకోవడం లాటరీ టికెట్టు కొని ఇంటి అద్దె కట్టాలనుకోవడమే. పైగా చిత్రం ఆ పోటీకి వెళ్లాలంటే ఆ క్యాలెండర్ సంవత్సరంలోనే సెన్సార్ బోర్డు సర్టిఫికెట్ పొంది ఉండాలి. డాక్యుమెంటరీలకు ఇది చిన్న షరతు కాదు. ముంబయి అంతర్జాతీయ చిత్రోత్సవంలో భారతీయ చిత్రాలకు సెన్సార్ సర్టిఫికెట్ తప్పనిసరి అన్నప్పుడు దేశంలోని డాక్యుమెంటరీ దర్శకులు పెద్ద సంఖ్యలో ఎదురు తిరిగారు. 2004లో ఆ ఉత్సవం జరుగుతున్న రోజుల్లోనే వికల్ప్ పేరుతో పక్కనే సమాంతరంగా తమ చిత్రాలు ప్రదర్శించారు. ఏ చిత్రం తీయాలో నిర్ణయించుకునేటప్పుడే, అది ఏ తలుపుల దగ్గర ఆగిపోతుందో కూడా తెలిసి ఉండాలన్నది అప్పట్లో నేను నేర్చుకున్న మొదటి పాఠం.

అవార్డు వలన ఏమీ మారలేదని అంటే అది కూడా అబద్ధమే అవుతుంది. అంతకుముందు ఆమె ఏదైనా కార్యాలయంలో చిత్రీకరణ అనుమతి కోసం దరఖాస్తు పెడితే, ఆ కాగితం ఏ బల్ల మీద ఉన్నదో తెలుసుకోవడానికే నెల పట్టేది. తరువాత దరఖాస్తు వెనుక అవార్డు పత్రం జిరాక్సు జతచేయడం మొదలుపెట్టారు. గుమాస్తాలు కుర్చీ చూపించి కూర్చోమనేవారు. గ్రాంటు ఇచ్చే సంస్థలు మొదటి పేజీ దాటి రెండో పేజీ చదవసాగాయి. కళాశాలలు ఉపన్యాసాలకు పిలిచాయి, శాలువాలు కప్పాయి. దారి ఖర్చులు అడగవలసి వచ్చినప్పుడు మాత్రం ఆమెకే సిగ్గుగా ఉండేది. ఒక టీవీ ఛానల్ 58 నిమిషాల చిత్రాన్ని ఇరవైనాలుగు నిమిషాలకు కుదించి, ఖాలా మాటలమీద ఎవరిదో వ్యాఖ్యానం అతికించి ప్రసారం చేసింది. ఒప్పుకున్న రుసుము ఇప్పటికీ రాలేదు. ఆ రాత్రి ఆమె ఫోన్ చేసి తిట్టినది ఛానల్‌ను కాదు, మూల ఫైలును వాళ్లకు ఇచ్చినందుకు నన్ను. తప్పు నాదే, వాటర్‌మార్క్ వేసిన కాపీ ఇచ్చి, డబ్బు అందాక అసలుది ఇవ్వవలసింది.

మీరు తెలుసుకోవలసిన మరొక ఘట్టం అవార్డుకు ముందు జరిగింది. ఖాలా తన కొడుకు చదువు మానేసి దుబాయ్ వెళ్లిన రోజు గురించి చెబుతూ, చేతిలో సాగుతున్న లక్క చల్లారి గట్టిపడిపోయేదాకా పట్టించుకోకుండా కూర్చున్న దృశ్యం ఒకటి ఉండేది. ఏడు నిమిషాలు, ఒక్క కట్ లేదు. నా వృత్తిలో అంత మంచి ముడిసరుకు నాకు మళ్లీ దొరకలేదు. రఫ్ కట్ (తొలి కూర్పు) ఆమె ఇంట్లోనే ల్యాప్‌టాప్ మీద చూపించినప్పుడు, ఖాలా అంతా చూసి, కోడలి తరఫువాళ్లు చూస్తారు కాబట్టి అది తీసేయమన్నది. దర్శకురాలు మొదట ఒప్పుకోలేదు. నేను అసలే ఒప్పుకోలేదు. సంతకం చేసిన అనుమతిపత్రం మన దగ్గర ఉన్నది కదా అని వాదించినది నేనే. రెండు వారాలు నేనూ దర్శకురాలూ ఒకరితో ఒకరం మాట్లాడుకోలేదు. ఆ తరువాత ఆమె ఒక ఉదయం వచ్చి దృశ్యం తీసేయమన్నారు. కారణం అడిగితే, రేపు ఆ గల్లీలో నడవవలసినది తానేనని, నేను కాదని అన్నారు. ఇప్పుడు చిత్రంలో ఆ స్థానంలో చల్లారిన లక్క ముద్ద, బయట పిల్లల అరుపులు మాత్రమే ఉన్నాయి, నలభై సెకన్లు. అది సరిపోయిందని నేను ఈనాటికీ అనుకోవడం లేదు. కాని ఆమె తరువాతి చిత్రం అదే బస్తీలో, ఖాలా చెల్లెలి ఇంట్లో మొదలైంది. అనుమతిపత్రం చూపించి ఆ దృశ్యాన్ని ఉంచేసి ఉంటే ఆ ఇంటి గడప తొక్కనిచ్చేవారు కాదు. డాక్యుమెంటరీలో వృత్తిజీవితం అనేది ఒక చిత్రం నుంచి ఇంకొక చిత్రానికి ఇలాగే అందుతుంది. అవార్డుల నుంచి అవార్డులకు కాదు.

దీర్ఘకాలం ఈ పని ఎలా సాగుతుందో చూడాలంటే డాక్యుమెంటరీ దర్శకురాలు దీపా ధన్‌రాజ్ చిత్రాలను వరుసగా చూడండి. 1980లో ఆమె మరో ముగ్గురితో కలిసి యుగాంతర్ అనే బృందాన్ని ప్రారంభించారు. పుణేలో ఇళ్లలో పనిచేసే స్త్రీలు, నిపాణిలో పొగాకు కార్మికులు వారి తొలి చిత్రాలకు వస్తువు. 1983 నాటి 'ఇది కథ మాత్రమేనా' హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందంతో కలిసి తెలుగులో తీసినది. 1984లో ఈ నగరంలో జరిగిన మతకల్లోలాల మీద 1986లో 'క్యా హువా ఇస్ షహర్ కో' వచ్చింది. 1991లో కుటుంబ నియంత్రణ కార్యక్రమం మీద ఇంకొకటి. 2018లో రోహిత్ వేముల మరణానంతర ఉద్యమం మీద మరొకటి. ముప్పై ఎనిమిదేళ్ల వ్యవధిలో ఆమె చిత్రాలు మళ్లీ మళ్లీ ఈ ఊరికి రావడం గమనించండి. యుగాంతర్ చిత్రాలను ఎన్నో ఏళ్ల తరువాత బెర్లిన్‌లోని ఆర్సెనల్ అనే చలనచిత్ర సంస్థ డిజిటల్ రూపంలో పునరుద్ధరించింది కాబట్టి కొత్త తరం ప్రేక్షకులు వాటిని చూడగలుగుతున్నారు. 1983లో ఆ చిత్రం తీస్తున్నవారికి ఈ రెండో జీవితం గురించి ఊహ ఉండి ఉండదు. మన దగ్గర ఎన్ని హార్డ్ డిస్కులు తెరుచుకోకుండా పాడైపోయాయో తలచుకుంటే నాకు నిద్ర పట్టదు. రెండు కాపీలు, రెండు వేర్వేరు ఇళ్లలో ఉంచండి.

అవార్డు అనే మాట పక్కన పెట్టి చూడవలసిన పని జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో జరిగింది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థలోని దళిత మహిళా రైతులు, వారిలో చదువురానివారు కూడా, వీడియో కెమెరా నేర్చుకుని బీటీ పత్తి మీద కొన్నేళ్లపాటు పొలాలకు తిరిగి చిత్రాలు తీశారు. వారు షాట్లకు తమ పేర్లు పెట్టుకున్నారు: పైనుంచి కిందికి చూసేది పటేల్ (ఊరి పెత్తందారు) షాట్, మనిషి కళ్లకు సమానమైన ఎత్తులో పెట్టేది సంఘం షాట్, ఎందుకంటే సంఘంలో అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు. ఫిల్మ్ స్కూలు పుస్తకాల్లో నేను చదివిన నిర్వచనాలన్నింటికంటే ఇది నాకు ఎక్కువగా పనికివచ్చింది. ఎడిటింగ్ బల్ల దగ్గర కొత్తవాళ్లకు ఇప్పటికీ ఈ పేర్లతోనే చెబుతాను.

ఇక బతుకుతెరువు. హైదరాబాదులో నాకు తెలిసిన డాక్యుమెంటరీ దర్శకులందరూ వేరే పనితోనే ఇల్లు నడుపుతున్నారు: స్వచ్ఛంద సంస్థల చిత్రాలు, ప్రభుత్వ శాఖల ప్రచార చిత్రాలు, కంపెనీల వార్షికోత్సవ వీడియోలు, పాఠాలు చెప్పడం. మా దర్శకురాలు ఏడాదిలో ఏడు నెలలు ఆ పనులు చేసి, ఐదు నెలలు తన చిత్రానికి అట్టిపెట్టేవారు. అందులో చిన్నతనమేమీ లేదు. పెళ్లి వీడియోలను చిన్నచూపు చూసే కుర్రవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. తలంబ్రాలు ఇంకొకసారి పోయమని ఎవరూ అడగలేరు. ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు ఎవరి ముఖం మీదికి వెళ్లాలో క్షణంలో తేల్చుకునే కెమెరామన్‌కు డాక్యుమెంటరీ కొత్తగా నేర్పనక్కరలేదు. మా చిత్రంలోని మంచి షాట్లలో సగం కృష్ణానగర్‌లో పెళ్లిళ్లు తీసే ఒక యువకుడివే.

మీ విషయానికి వస్తే, ఇప్పుడే రాజీనామా చేయకండి. మొదట చూడడం మొదలుపెట్టండి. బంజారాహిల్స్‌లోని లామకాన్‌లో, బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో ప్రదర్శనలు పెట్టినప్పుడు వెళ్లి, చిత్రం తరువాత జరిగే చర్చలో చివరిదాకా కూర్చోండి. ఖరీదైన కెమెరా కొనకండి, అద్దెకు దొరుకుతుంది. డబ్బు పెట్టాలనుకుంటే ఒక మంచి కాలర్ మైకు మీద పెట్టండి, ఎందుకంటే మసకబారిన బొమ్మను ప్రేక్షకులు క్షమిస్తారు గాని వినపడని మాటను క్షమించరు. తరువాత, మీకు పని చూపించడానికి ఇష్టపడే ఒక మనిషిని ఎంచుకుని శని ఆదివారాల్లో ఒక ఏడాది వెళ్లండి. మొదటి రెండు నెలలు కెమెరా సంచిలోంచి తీయకపోయినా ఫరవాలేదు. పరీక్షగా చూసుకోవలసినది ఒక్కటే: ఆ ఏడాది చివర మీ ఫుటేజ్ నలభై గంటలైనా ఉంటే, దానిని మీరే మొదటి నుంచి చివరిదాకా, వేగం పెంచకుండా, కూర్చుని చూడగలుగుతున్నారా లేదా. నా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది అది చూడకుండానే ఏ ఉత్సవానికి పంపాలి అని అడుగుతారు. మీరు చూసివస్తే ఆ తరువాతి సంగతి మాట్లాడుకోవచ్చు.