మాక్ ఎర్రర్లకు భయపడి బ్యాంకు కోచింగా?

ప్రశ్న: బీటెక్ ఫైనలియర్ చదువుతున్నాను. ఒక చిన్న కంపెనీలో ఆండ్రాయిడ్ ఇంటర్న్‌షిప్ చేస్తున్నా. లాగిన్ స్క్రీన్‌కి యూనిట్ టెస్టులు రాయమన్నారు. ఐదు రోజులైంది, ఒక్కటీ పాస్ కాలేదు. ‘నాట్ మాక్డ్’ అని వస్తుంది, అది పోతే ‘నో ఆన్సర్ ఫౌండ్’ అంటుంది. మాకిటో అనే టెస్టింగ్ లైబ్రరీతో రాసిన పాత టెస్టులైతే సీనియర్ లాప్‌టాప్‌లో పాసవుతాయి, నా దాంట్లో కావు. నాకు కోడింగ్ రాదేమోనని టెన్షన్‌గా ఉంది. నాన్న బ్యాంకు కోచింగ్‌లో చేరమంటున్నారు. ఏం చేయమంటారు?
- ఒక విద్యార్థిని, కాకినాడ

జవాబు: బ్యాంకు ఉద్యోగం మీద మనసుంటే నిక్షేపంగా వెళ్లండి. ఈ ఐదు రోజుల చిరాకు వల్లనైతే మాత్రం వద్దు. మీరు రాసిన మూడు ఇబ్బందుల్లో రెండింటికి, మీకు కోడింగ్ రావడం రాకపోవడంతో సంబంధమే లేదు.

మాక్ అంటే టెస్టు కోసం అసలు దాని బదులు పెట్టే నకిలీ. కానీ ‘నాట్ మాక్డ్’ అన్న మాటే మనల్ని దారి తప్పిస్తుంది. కోడ్‌లో ఒక చిన్న ముక్కను విడిగా పరీక్షించే ఇలాంటి యూనిట్ టెస్టు ఫోన్‌లో నడవదు, మీ లాప్‌టాప్‌లోని జావా మీద నడుస్తుంది. అక్కడ ఆండ్రాయిడ్ పేరుతో దొరికేది ఒట్టి డొల్ల. మెథడ్‌ల పేర్లుంటాయి, లోపల కోడ్ ఉండదు, పిలిస్తే ఎక్సెప్షన్ వస్తుంది. షాపుకి బోర్డుంది, లోపల సరుకు లేదు. మీ లాగిన్ క్లాసులో ఎక్కడో డీబగ్ సందేశం రాసే ‘లాగ్ డాట్ డి’ అనే లైను ఉందేమో వెతకండి, చాలాసార్లు దొంగ అదే. ప్రాజెక్టును బిల్డ్ చేసే గ్రేడిల్ ఫైల్లో ‘రిటర్న్ డిఫాల్ట్ వాల్యూస్’ని ట్రూ చేస్తే ఎర్రర్ పోతుంది. కానీ అప్పటినుంచి అలాంటి మెథడ్‌లన్నీ నోరెత్తకుండా సున్నానో నల్‌నో ఇస్తూ పోతాయి. లాగ్ వరకైతే ఫరవాలేదు. ఆండ్రాయిడ్ ఇచ్చే జవాబు మీదే మీ టెస్టు ఆధారపడితే ఆండ్రాయిడ్ పనితీరును లాప్‌టాప్‌లోనే అనుకరించే రోబోలెక్ట్రిక్ వాడండి, లేదా ఆ పనిని మీ సొంత ఇంటర్‌ఫేస్ వెనక పెట్టండి.

‘నో ఆన్సర్ ఫౌండ్’ మాత్రం మీరు రాసిన టెస్టులోదే. ‘ఈ మెథడ్‌ని ఈ విలువలతో పిలిచారు, ఏం జవాబివ్వాలో నాకు చెప్పలేదే’ అని మాక్‌కే (MockK) అనే లైబ్రరీ అడుగుతోంది. మెథడ్ పేరు, అందిన విలువలు ఆ మెసేజ్‌లోనే ఉంటాయి. మాక్ ఏం జవాబివ్వాలో చెప్పే ‘ఎవ్రీ’ బ్లాక్‌లో మీరు రాసిన విలువలతో అక్షరం అక్షరం పోల్చండి. కౌన్సెలింగ్‌లోకి రాకముందు నేనూ యాప్‌లు రాశాను. ఒకసారి రెండు రోజులు జుట్టు పీక్కున్నాక తేలిందేమిటంటే, టెస్టులోని ఈమెయిల్ చివర ఒక స్పేస్ ఉంది, అసలు కోడ్ దాన్ని ట్రిమ్ చేసి పంపుతోంది. అంతే! ఎవరో ఒకరు ‘రిలాక్స్‌డ్ మాక్ పెట్టెయ్, పోతుంది’ అంటారు. నిజమే, పోతుంది, ఎందుకంటే అలాంటి మాక్ మనం చెప్పని మెథడ్‌లకూ ఏదో ఒక జవాబు తనే ఇచ్చేస్తుంది. కొన్నిసార్లు దాంతోపాటు టెస్టు రాసిన ప్రయోజనమూ పోతుంది.

ఇక సీనియర్ లాప్‌టాప్ సంగతి. ఎర్రర్‌లో పై లైను చూసి ఆగిపోకుండా కిందికి దిగి చివరి ‘కాజ్డ్ బై’ చదవండి. అక్కడ ‘జావా 21 (65)’ లాంటి అంకెలు, మాకిటో లోపల వాడే బైట్ బడ్డీ లైబ్రరీ పేరు కనిపిస్తే, మీ జావా కొత్తది, ప్రాజెక్టులోని మాకిటో పాతది అని అర్థం. మాకిటో వెర్షన్ పెంచాలి. ఆండ్రాయిడ్ స్టూడియోలో ఒక జావా, టెర్మినల్‌లో మరో జావా ఉండటమూ మామూలే, అదీ చూసుకోండి. అలా కాక ఫైనల్ క్లాస్ అని గొణిగితే కారణం వేరు. కాట్లిన్‌లో క్లాసులు ‘ఓపెన్’ అని రాస్తే తప్ప ఫైనలే, అంటే వాటి నుంచి మరో క్లాసు తీయడం కుదరదు. 2023లో వచ్చిన మాకిటో 5 నుంచి వాటినీ మామూలుగానే మాక్ చేయొచ్చు, అంతకుముందు ‘మాకిటో ఇన్‌లైన్’ విడిగా చేర్చాల్సి వచ్చేది. పాత వీడియోలు చూస్తే తికమక పడేది ఇక్కడే.

మీ ఉత్తరంలో నాకు అసలు లోపంగా కనిపించింది ఒకటే. ఐదు రోజులు ఒంటరిగా కూర్చున్నారు. గంటసేపు ప్రయత్నించి, చివరి ‘కాజ్డ్ బై’ లైను, మీరు చేసి చూసినవి రెండు ముక్కల్లో రాసి సీనియర్‌కి పంపండి. ‘సర్, రావట్లేదు’ అంటే ఎవరికైనా విసుగే. ఇలా అడిగితే చెప్పడానికి వాళ్లకూ తేలిక. ఇంటర్వ్యూల్లోనూ ఇదే అక్కరకొస్తుంది. రెజ్యూమేలో మాకిటో అని అందరూ రాసుకుంటారు. ‘ఏది మాక్ చేశావు, ఏది చేయలేదు, ఎందుకు?’ అంటే చాలామంది తడబడతారు. మీ దగ్గర చెప్పడానికి ఐదు రోజుల కథ ఉంది.

నాన్నగారితో ఇంటర్న్‌షిప్ అయ్యేదాకా ఆగమని చెప్పండి. కోచింగ్ సెంటర్లో కొత్త బ్యాచ్ ఎప్పుడూ మొదలవుతూనే ఉంటుంది.