నడుస్తుంటే కాలి వేళ్లు మొద్దుబారుతున్నాయి.. షుగరా, నీళ్లా, బూట్లా?

ప్రశ్న: నా వయసు 46 ఏళ్లు. మాది మర్రిగూడ మండలంలోని ఒక ఊరు, ఉద్యోగం వల్ల పదేళ్లుగా నల్లగొండలో ఉంటున్నాను. బరువు తగ్గించుకోవాలని రెండు నెలలుగా ఎన్జీ కాలేజీ మైదానంలో రోజూ ఉదయం గంటసేపు వేగంగా నడుస్తున్నాను. ఇరవై నిమిషాలు గడిచేసరికి ఎడమ అరికాలి ముందుభాగంలో మంట మొదలై, మూడో, నాలుగో వేళ్లు మొద్దుబారుతున్నాయి. బెంచీ మీద కూర్చుని, బూటు విప్పి రుద్దుకుంటే ఐదు నిమిషాల్లో తగ్గిపోతుంది. ఆదివారం లతీఫ్ సాహెబ్ గుట్ట ఎక్కినప్పుడు మరీ ఎక్కువగా ఉంటోంది. మా అమ్మకు షుగర్ ఉంది, నేను ఎప్పుడూ పరీక్ష చేయించుకోలేదు. చిన్నప్పుడు తాగిన ఫ్లోరైడ్ నీళ్లకు నరాలు దెబ్బతిన్నాయేమోనని భయంగా ఉంది. నడక మానేయమంటారా? - ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: మీరు రాసిన వాటిలో నాకు అన్నిటికంటే పనికొచ్చింది తిమ్మిరి ఎలా తగ్గుతోందో చెప్పిన వాక్యం. చిక్కు కూడా అందులోనే ఉంది. నడక ఆపడం, కూర్చోవడం, బూటు విప్పడం, రుద్దడం అన్నీ మీరు ఒకేసారి చేస్తున్నారు కనుక వాటిలో దేనివల్ల హాయి కలుగుతోందో తెలియడం లేదు. ఈ వారం వాటిని విడదీసి చూడండి. ఒక రోజు తిమ్మిరి మొదలవగానే కూర్చోకుండా, బూటు ముట్టుకోకుండా ఊరికే నిలబడండి. మరో రోజు బూటు విప్పకుండానే కూర్చుని కాస్త ముందుకు వంగండి. ఇంకో రోజు లేసులు పూర్తిగా వదులు చేసి, ఆ వెంటనే నిలబడి చూడండి.

ఊరికే నిలబడితేనే రెండు మూడు నిమిషాల్లో తగ్గితే కాలికి వెళ్లే రక్తనాళాలు సన్నబడ్డాయేమో చూడాలి. అయితే ఆ జబ్బులో నొప్పి ఎక్కువగా పిక్కలో, దాదాపు ప్రతిసారీ అంతే దూరం నడిచాక, పట్టేసినట్టు వస్తుంది. బీడీలు, సిగరెట్లు తాగేవారిలోనూ షుగర్ ఉన్నవారిలోనూ ఇది ఎక్కువ. నిలబడితే తగ్గక, కూర్చుని వంగితేనే తగ్గితే నడుము దగ్గర వెన్నులో నరాలు వెళ్లే దారి ఇరుకైందని అనుమానిస్తాం. లేసులు వదులు చేయగానే తగ్గితే నరం పాదంలోనే నలుగుతోందని అర్థం, మీ విషయంలో ఇదే తేలుతుందని నా అంచనా.

ఆ అంచనాకు కారణం మీరు చెప్పిన వేళ్లే. అరికాలి ముందుభాగంలో పక్కపక్కనే ఉండే పొడవాటి ఎముకల సందుల్లోంచి వేళ్లకు సన్నని నరాలు వెళ్తాయి. మూడో, నాలుగో వేళ్లకు వెళ్లే నరం అటూ ఇటూ ఎముకల మధ్య పదే పదే నలిగితే దాని చుట్టూ పొర మందమవుతుంది. దీన్ని మోర్టన్స్ న్యూరోమా అంటారు. పేరు విని చాలామంది బెదిరిపోతారు కానీ ఇది క్యాన్సర్ గడ్డ కాదు. వేగంగా నడిచేటప్పుడు పాదం కొద్దిగా ఉబ్బుతుంది, బూటు మాత్రం ఉన్నంతే ఉంటుంది కనుక బాధ మొదటి అడుగులో కాక ఇరవై నిమిషాలకు మొదలవుతుంది. గుట్ట ఎక్కేటప్పుడు మడమ పైకి లేచి, బరువంతా వేళ్ల మొదళ్ల మీద పడి, ఆ నరం మరింత సాగుతుంది. మీ ఆదివారం బాధకు కారణం అదే కావచ్చు. వైద్యులు పాదాన్ని రెండు పక్కల నుంచి పిండినట్టు నొక్కి, ఆ వేళ్ల సందులో వేలితో అదిమి చూస్తే చాలావరకు తెలిసిపోతుంది, అవసరమైతే అల్ట్రాసౌండ్ చేయిస్తారు.

సాయంత్రం పాదాలు కొంత ఉబ్బి ఉన్న వేళ తెల్ల కాగితం మీద నిలబడి, ఎడమ పాదం చుట్టూ పెన్సిల్‌తో గీత గీయండి. ఆ బొమ్మ మీద మీ బూటు పెట్టండి. వేళ్ల దగ్గర గీత బూటు బయటికి కనిపిస్తే ఆ బూటు మీది కాదు. కొత్తవి కూడా సాయంత్రమే కొనండి. నిలబడినప్పుడు పొడవైన వేలికి, బూటు కొసకు మధ్య బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి, లోపల వేళ్లు విప్పారాలి. 'వేసుకుంటుంటే అదే సాగుతుంది' అని దుకాణంలో చెప్పే మాట తోలు చెప్పులకు కొంత వర్తిస్తుందేమో కానీ, స్పోర్ట్స్ బూటు సాగేలోపు నరం నలిగిపోతుంది. ముందువైపు లేసులు వదులుగా కట్టుకోండి. అరికాలిలో పెట్టుకునే మెత్తటి ప్యాడ్ వాడితే దాన్ని నొప్పి ఉన్నచోట కాకుండా, అక్కడికి కాస్త వెనక, మడమ వైపు ఉంచాలి. సరిగ్గా నొప్పి మీదే పెట్టుకుని బాధ పెంచుకున్నవారిని చాలామందిని చూశాను.

ఇక ఫ్లోరైడ్ సంగతి. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. ఒకప్పుడు మర్రిగూడ ప్రాంతపు బావుల్లో, బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది, వంగిన నడుములను, వంకరపోయిన కాళ్లను చూస్తూ పెరిగిన మీకు ఈ భయం కలగడం సహజం. కానీ ఎముకల ఫ్లోరోసిస్ ఒక పాదంలో రెండు వేళ్లను పట్టుకోదు. ముందు మెడ, నడుము బిగుసుకుంటాయి, వెన్నులో ఎముక పెరిగి నరాలను నొక్కినప్పుడు సాధారణంగా రెండు కాళ్లూ బరువెక్కి, తిమ్మిర్లు పైకి పాకుతాయి. నేల మీద కూర్చుని లేవడం, మెడ తిప్పడం, వంగి పాదాలు అందుకోవడం మీకు ఇబ్బంది లేకుండా సాగుతుంటే ఈ దిగులు పక్కన పెట్టవచ్చు. అవి కష్టంగా ఉంటే వెన్నుకు, ముంజేతికి ఎక్స్‌రే తీయించి, మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష చేయించాలి.

నిజానికి నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మీరు షుగర్ పరీక్ష ఎన్నడూ చేయించుకోలేదన్న మాట. షుగర్ వల్ల వచ్చే తిమ్మిరి సాధారణంగా రెండు పాదాల్లోనూ, వేళ్ల కొసల నుంచి మొదలై, రాత్రి పడుకున్నప్పుడు ఎక్కువవుతుంది. మీది అలా లేదు. అయినా తల్లికి షుగర్ ఉండి, మీకు బరువు ఎక్కువగా ఉండి, వయసు 46 దాటుతున్నప్పుడు పరీక్ష వాయిదా వేయడం మంచిది కాదు. పరగడుపున ఒకసారి, తిన్న రెండు గంటలకు ఒకసారి షుగర్, వాటితో పాటు గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే హెచ్‌బీఏ1సీ చేయించండి. చివరిది 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే షుగర్ గడప దాకా వచ్చినట్టు, 6.5 లేదా అంతకు మించితే వచ్చినట్టే. బీ12, థైరాయిడ్ కూడా చూడండి. తిమ్మిరి అనగానే వేసే 'నరాల సూదులు' మాత్రం పరీక్షకు ముందు వేయించుకోకండి. అవి చాలావరకు బీ12 ఇంజెక్షన్లే కనుక, ఆ తర్వాత చేసే పరీక్షలో లోపం ఉన్నా కనిపించదు.

నడక మానవద్దు, పద్ధతి మార్చండి. పైన చెప్పిన పరిశీలన ముగిశాక, బాధ ఇరవై నిమిషాలకు వస్తోంది కనుక రెండు వారాల పాటు పన్నెండు, పదమూడు నిమిషాలకే ఆపి, సాయంత్రం మరోసారి అంతే నడవండి. బాధ రాకపోతే వారానికి రెండు మూడు నిమిషాలు పెంచుకోవచ్చు. ప్రస్తుతానికి గుట్ట వద్దు. గోడకు చేతులు ఆనించి, మడమ నేలకు తాకేలా ఉంచి, పిక్కను ముప్పై సెకన్ల చొప్పున మూడుసార్లు సాగదీయడం రోజూ చేయండి.

బూట్లు మార్చి ఆరు వారాలైనా తగ్గకపోతే ఎముకల వైద్యుడిని కలవండి, అప్పుడు ఆ సందులో ఇంజెక్షన్ ఇవ్వడం గురించి ఆలోచిస్తారు, ఆపరేషన్ కొద్దిమందికే అవసరమవుతుంది. అయితే పాదం ఉన్నట్టుండి చల్లబడి తెల్లబారినా, పాదం పైకి లేవక అడుగు ఈడ్చుకుపోతున్నా, తొడల మధ్య మొద్దుబారి మూత్రం మీద అదుపు తప్పినా ఆరు వారాలు కాదు, ఆరు గంటలు కూడా ఆగకుండా పెద్దాసుపత్రికి వెళ్లండి.