ఆ పావుగంట బావగారిని బయటికి తీసుకెళ్లండి

ప్రశ్న: మా అక్క కూతురికి 16 ఏళ్లు, ఇంటర్ మొదటి సంవత్సరం. ఎవరో అబ్బాయితో ఫోన్లో మాట్లాడిందని మా బావ కర్రతో కొట్టాడు. చెయ్యి విరిగింది. మెట్ల మీంచి పడిందని చెప్పి జిల్లా ఆసుపత్రిలో చేర్పించాం. సఖి కేంద్రం నుంచి ఒకావిడ రోజూ వచ్చి, పాపతో ఒంటరిగా మాట్లాడాలంటోంది. బావ ఒప్పుకోవడం లేదు. కేసవుతుందని, పాపను ఏదో హోమ్‌లో వేస్తారని అక్క ఏడుస్తోంది. నేనేం చెయ్యాలి?
– ఒక పిన్ని, నల్గొండ జిల్లా

జవాబు: అమ్మా, ఆమెను మాట్లాడనివ్వండి. మీ అక్కగారి భయం అర్థం చేసుకోదగినదే అయినా, ఈ ఒక్క విషయంలో మీరు గట్టిగా నిలబడాలి.

సఖి కేంద్రాలు 2015 నుంచి కేంద్ర ప్రభుత్వ పథకం కింద నడుస్తున్నాయి. హింసకు గురైన స్త్రీలకు, 18 ఏళ్ల లోపు ఆడపిల్లలకు కూడా, వైద్యం, కౌన్సెలింగ్, న్యాయ సలహా, పోలీసు సాయం, అవసరమైతే కొద్ది రోజుల వసతి ఒకేచోట ఉచితంగా అందేలా చూడటం వాటి పని. రోజూ వస్తున్న సఖి ఆవిడ పోలీసు కాదు. ముంబైలో బాంద్రా భాభా ఆసుపత్రిలో ‘దిలాసా’ అనే ఇలాంటి కేంద్రం పాతికేళ్లుగా నడుస్తోంది. దెబ్బలతో వచ్చిన మనిషిని విడిగా కూర్చోబెట్టి అడగడం అక్కడ వైద్యంలో భాగం.

ఒంటరిగానే ఎందుకు అంటారా? మంచం కాళ్ల దగ్గర తండ్రి నిలబడి ఉండగా ఏమైందని అడిగితే, పిల్ల ముందు ఆయన ముఖం చూసి, ఆ తర్వాతే ‘పడ్డాను’ అంటుంది. నేను వార్డుల్లో పనిచేసిన రోజుల్లో ఒక అమ్మాయి మూడు రోజులు నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. నాలుగో రోజు కట్టు మార్చడానికని నర్సు అందరినీ బయటికి పంపినప్పుడు, దుప్పటి అంచు వేలికి చుట్టుకుంటూ, ‘ఇంట్లో తమ్ముడొక్కడే ఉన్నాడు మేడమ్’ అంది. తనకు తగిలిన దెబ్బల కన్నా ముందు ఆ మాటే వచ్చింది. మీ పాప మనసులో ఏముందో మీకూ నాకూ తెలియదు. ఫోన్లోని ఆ అబ్బాయే ఆమెను బెదిరిస్తున్నా, అది ఇంట్లోవాళ్లతో చెప్పుకునే అవకాశం తక్కువ.

డాక్టరుతో మాత్రం ఈరోజే నిజం చెప్పండి. జారి పడి అరచెయ్యి ఆనిస్తే సాధారణంగా మణికట్టు దగ్గర విరుగుతుంది; దెబ్బకు చెయ్యి అడ్డం పెడితే తరచుగా ముంజేతిలో చిటికెనవేలి వైపు ఎముక విరుగుతుంది. ఎక్స్‌రే చూసిన డాక్టరుకు ఈపాటికి అనుమానం వచ్చే ఉంటుంది. కొట్టారని తెలిస్తే తలకు, కడుపులోపల దెబ్బలున్నాయేమో వెతుకుతారు, మెట్ల కథ నమ్మితే వెతకకపోవచ్చు.

ఇక కేసు సంగతి. సఖి ఆవిడ అన్నీ రహస్యంగా ఉంచుతానని మాట ఇవ్వలేరు, ఇవ్వకూడదు కూడా. పిల్లను సంరక్షించాల్సినవారే హింసిస్తే 2015 నాటి బాలల న్యాయ చట్టం, 75వ సెక్షన్ ప్రకారం అది నేరం, మూడేళ్ల దాకా శిక్ష పడవచ్చు. పాపకు ఇంట్లో ప్రమాదం ఉందనుకుంటే, ఇలాంటి పిల్లలు ఎక్కడ ఉండాలో నిర్ణయించే బాలల సంక్షేమ సమితికి తెలియజేస్తారు. అయితే పిల్లల్ని హోమ్‌లో పెట్టడం ఆఖరి మార్గంగానే ఉండాలని అదే చట్టం చెబుతోంది. నమ్మదగిన బంధువులుంటే వాళ్ల దగ్గర ఉంచే వీలు సమితికి ఉంది. మీ అక్కగారి కన్నీళ్లకు జవాబు మీ దగ్గరే ఉందమ్మా. పాపను కొన్నాళ్లు మీ ఇంట్లో ఉంచుకోగలరా? ముందు మీ వారితో మాట్లాడండి, కాలేజీకి ఎలా పంపుతారో కూడా అనుకోండి, తర్వాత ఆ మాట సఖి ఆవిడకు స్పష్టంగా చెప్పండి. ఆడపిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది.

రేపు ఆవిడ వచ్చే వేళకు బావగారిని మందుల చీటీ పట్టుకుని ఫార్మసీకో, టీకో మీరే తోడుగా తీసుకెళ్లండి. అక్కగారిని వరండాలో కూర్చోమనండి. తిరిగొచ్చాక ఏం చెప్పావని పాపను అడగవద్దు. డిశ్చార్జి తేదీ ఎప్పుడో మాత్రం నర్సును అడిగి, అంతకన్నా ముందే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేసి, పాప ఏ ఇంటికి వెళ్లాలన్నది తేలేదాకా పంపవద్దని చెప్పండి.