మార్కుల మెసేజ్ వచ్చిన రాత్రి

ప్రశ్న: మావారు ఎవరి మీదా చెయ్యెత్తరు, తాగుడు లేదు. కానీ నోరు విప్పితే నిప్పులే. మా అబ్బాయి ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. వారం వారం పెట్టే జేఈఈ టెస్టు మార్కులు ఫోన్‌కు రాగానే, "నీ ఫీజుతో రెండు గేదెల్ని కొన్నా పాలిచ్చేవి" అంటారు. "మా నాన్న బెల్టు తీశాడు కాబట్టే నేనింతవాణ్ణయ్యా" అని సమర్థించుకుంటారు. రెండు నెలలుగా, ఆయన ఇంట్లో ఉంటే వాడు గదిలోంచి బయటికి రావట్లేదు. ఏం చేయాలి?
- ఒక తల్లి, వరంగల్

జవాబు: కట్టడి వేరు, కటువుదనం వేరు. రాత్రి పదింటికి ఫోన్ హాల్లో పెట్టాలనడం కట్టడి. దాన్ని మీరూ సమర్థించండి. గేదెల మాట అలాంటిది కాదు. రేపు వాడు చేయగలిగిన పని ఒక్కటైనా అందులో లేదు. అది విన్నప్పుడు పిల్లవాడి ధ్యాస లెక్క ఎక్కడ తప్పిందన్న దానిమీద ఉండదు, ఈ తిట్లు ఎప్పుడు ఆగుతాయా అనే ఉంటుంది. ఆ తర్వాత మార్కులు దాస్తాడు, తలుపేసుకుంటాడు. తండ్రికి అది పొగరులా కనిపించి ఇంకో మెట్టెక్కుతారు. బెల్టు సంగతంటారా, దెబ్బలు తిని పైకొచ్చినవాళ్లే ఆ కథ చెబుతారు. చెడిపోయినవాళ్లు ఎవరికీ చెప్పుకోరు.

ఆయనతో మాట్లాడటానికి ఆ రాత్రి పనికిరాదు. ఆదివారం టిఫిన్లయ్యాక, అబ్బాయి ఇంట్లో లేనప్పుడు కూర్చోండి. ఒకే సంఘటన తీసుకోండి: "గురువారం రాత్రి గేదెల మాటన్నారు. వాడు అన్నం సగంలో వదిలేసి లేచాడు, పొద్దున టిఫినూ ముట్టలేదు. వాడు బాగా చదవాలన్నదే మీ తాపత్రయమని నాకు తెలుసు. ఆ మాటతో వాడు పుస్తకం తీయట్లేదు." అంతే, ఆపేయండి. చాలా ఇళ్లలో ఇక్కడే చెడుతుంది. ఆయన మౌనంగా ఉండగానే పెళ్లినాటి సంగతులు, అత్తగారి మాటలు బయటికొస్తాయి. "మీరెప్పుడూ ఇంతే" అన్నారా, విషయం అబ్బాయి మీంచి మీ ఇద్దరి మీదికి మళ్లుతుంది.

తర్వాత ఒక్కటే అడగండి: మెసేజ్ వచ్చిన రోజు మార్కుల ఊసెత్తకూడదు. మర్నాడు సాయంత్రం, ఆయన స్నానం చేసి, కాఫీ తాగాక, ప్రశ్నపత్రం ముందు పెట్టుకుని ఇరవై నిమిషాలు. పోయిన మార్కుల్లో పాఠం రాక పోయినవెన్ని, వచ్చీ లెక్క తప్పినవెన్ని, గుడ్డిగా టిక్కు పెట్టి పోగొట్టుకున్నవెన్ని అని వాడి చేతే లెక్క వేయించాలి. జేఈఈ మెయిన్‌లో ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు 1 కోత. మన ఎప్‌సెట్‌లో కోత లేదు. కాబట్టి రాని ప్రశ్నను వదిలేయడం ఒకచోట తెలివి, ఇంకోచోట నష్టం. ఈ తేడా తెలియకుండా "ఎందుకు వదిలేశావ్?" అని గద్దిస్తే వాడు మనసులో నవ్వుకుంటాడు. చివర్లో వచ్చే వారానికి ఒకే అధ్యాయం తేల్చుకుని లేవాలి.

ఆయన మళ్లీ నోరు జారుతారు, ఏళ్ల అలవాటు కదా. అప్పుడు వాడి ముందు ఆయనతో వాదనకు దిగకండి. "ఒకసారి ఇలా రండి" అని పక్కకు పిలవండి, అలా పిలిస్తే లేచి రావాలని ఇద్దరూ ముందే అనుకోండి. మర్నాడు ఆయనే "నిన్న ఆ మాట అనాల్సింది కాదు, తప్పయింది" అనాలి. దాని వెనక "కానీ నువ్వు కూడా..." చేరితే వాడి చెవికి ఆ రెండోదే ఎక్కుతుంది. బిర్యానీ పార్సిల్ క్షమాపణ కిందికి రాదు. వాడు తింటాడు, మాట మాత్రం అలాగే ఉంటుంది.

మీ వైపు నుంచి కూడా రెండు మానాలి. "నాన్న రానీ, నీ పని చెప్తా" అన్న బెదిరింపు ఒకటి. తిట్లు పడ్డ రోజు చాటుగా వాడి చేతిలో డబ్బులు పెట్టడం రెండోది.

మొదటి రెండు మూడు వారాలు వాడు ముభావంగానే ఉంటాడు. "మెత్తగా ఉంటే నెత్తికెక్కుతున్నాడు చూడు" అని ఆయన అంటారు. కనీసం రెండు నెలలు పట్టు విడవద్దు.

ఈలోగా వాడి నిద్ర, తిండి గమనించండి. "నేను లేకపోతే మీకు ఖర్చు తగ్గుతుంది" లాంటి మాట వస్తే నవ్వి వదిలేయొద్దు. "చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?" అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా వెంటనే మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరు ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. వాడి మీద చెయ్యి లేస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. తిట్లు మీ వైపు మళ్లితే మహిళల హెల్ప్‌లైన్ 181 ఉంది. 2005 గృహహింస చట్టం దెబ్బలతో పాటు మాటలతో చేసే అవమానాన్నీ హింసగానే లెక్కిస్తుంది.

మీ మాట ఆయన అసలు చెవిన పెట్టకపోతే మీ అన్నదమ్ముల్ని మాత్రం రంగంలోకి దించకండి, పంచాయితీ అవుతుంది. ఆయన గౌరవించే స్నేహితుడో, వాళ్ల పెద్దన్నయ్యో చెబితే వినే వీలుంది. కౌన్సెలర్ దగ్గరికైతే "మీ కోపానికి వైద్యం" అనకుండా "వాడి చదువు గురించి ఇద్దరం అడిగొద్దాం" అని బయల్దేరదీయండి.