మెనూకాన్ఫిగ్‌లో సెర్చ్ బాగుచేస్తే కెరీర్‌కు పనికొస్తుందా?

ప్రశ్న: ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) ఆప్షన్లు ఎంచుకునే మెనూకాన్ఫిగ్‌లో సెర్చ్ సరిగ్గా లేదనిపించింది. దాన్ని మెరుగుపరచడమే ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా తీసుకోవాలనుంది. ‘ఇది ఎవరు చూస్తారు, ఏదైనా యాప్ చెయ్యి’ అంటున్నారు స్నేహితులు. ఏం చేయమంటారు?

జవాబు: నిస్సందేహంగా తీసుకోండి. కాకపోతే పరిధి చిన్నదిగా పెట్టుకోండి.

మీరు పట్టుకున్న లోపం నిజమైనదే. స్లాష్ నొక్కి ‘బ్లూటూత్’ అని కొట్టి చూడండి. మెనూలో ‘బ్లూటూత్ సబ్‌సిస్టమ్ సపోర్ట్’ అని కళ్లెదుటే ఉన్న ఆప్షన్ ఫలితాల్లోకి రాదు. దాని సింబల్ పేరు, అంటే కోడ్ లోపల వాడే పేరు, ‘బీటీ’. సెర్చ్ ఆ పేర్లనే చూస్తుంది, తెరమీద మనం చదివే ప్రాంప్టు జోలికి పోదు. పోనీ ‘బీటీ’ అని కొడితే అది మొదట్లోనే వస్తుంది గానీ, పేరులో ఆ రెండక్షరాలున్న బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్ లాంటివి కూడా వెంట వస్తాయి. పేరు ముందే తెలిసినవాళ్లకు ఇది బాగానే ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లే ఇబ్బంది పడతారు.

ప్రాంప్టుల్లో కూడా వెతికించడం పైకి నాలుగు లైన్ల మార్పులా కనిపిస్తుంది. చేయబోతే ప్రశ్నలు మొదలవుతాయి. పేరు కలిసినవి ముందు చూపాలా, ప్రాంప్టు కలిసినవా? ఒకే సింబల్‌కు రెండు చోట్ల రెండు ప్రాంప్టులుంటే ఏది చూపాలి? రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లతో (అక్షరాల నమూనాలతో) వెతకడం అలవాటైనవాళ్లకు పాత పద్ధతి చెడకుండా ఎలా? ఇంటర్వ్యూలో అరగంట మాట్లాడటానికి ఈ మూడు చాలు. వేరేవాళ్లు రాసిన సీ కోడ్ చదివి, దాన్ని పాడుచేయకుండా మార్చగలనని చూపడం ఫ్రెషర్‌కు చాలా పెద్ద బలం అని నా నమ్మకం.

కేకాన్ఫిగ్‌లిబ్ అనే పైథాన్ లైబ్రరీతో వచ్చే మెనూ ఇప్పటికే ప్రాంప్టుల్లోనూ వెతుకుతుంది. ముందు ఆ కోడ్ చదవండి.

ఎవరు చూస్తారంటారా? ఎంబెడెడ్ రంగంలోవాళ్లు (పరికరాల్లో ఇమిడి ఉండే సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు) రోజూ చూస్తారు. బిల్డ్‌రూట్, యూ-బూట్, బిజీబాక్స్, జెఫిర్ లాంటి ప్రాజెక్టులన్నీ కేకాన్ఫిగ్‌నే, అంటే మెనూకాన్ఫిగ్ వెనకున్న ఈ ఆప్షన్ల పద్ధతినే వాడుతున్నాయి. మీ గురి వెబ్ ఉద్యోగమైతే మాత్రం నేరుగా కలిసొచ్చేది తక్కువ.

ఒక్క విషయంలో జాగ్రత్త. ‘ప్యాచ్ (పంపిన కోడ్ మార్పు) కెర్నల్‌లో చేరింది’ అన్నదాన్ని ప్రాజెక్టు ఫలితంగా రాసివ్వకండి. కెర్నల్ కొత్త వెర్షన్ తొమ్మిది పది వారాలకొకటి వస్తుంది. మీ ప్యాచ్‌ను ఎప్పుడు తీసుకుంటారో, అసలు తీసుకుంటారో లేదో మీ చేతిలో ఉండదు. మీ సొంత కాపీలో పనిచేసే కోడ్, దానికి రాసిన టెస్టులు, రివ్యూలో వచ్చిన అభ్యంతరాలకు మీరిచ్చిన జవాబులు: వీటినే చూపిస్తానని గైడ్‌ను ముందే ఒప్పించుకోండి. రెజ్యూమేలోనూ చేరకముందు ‘పంపిన ప్యాచ్’ అనే రాయండి.

పంపేముందు, కోడ్ రాసిన తీరులో తప్పులు పట్టే చెక్‌ప్యాచ్ స్క్రిప్టు నడపండి. ఎవరికి పంపాలో గెట్ మెయింటైనర్ స్క్రిప్టే చెబుతుంది.