140 బొమ్మలు, ఒక్కరోజు షూటింగ్

ప్రశ్న: మేడమ్, మేం డిగ్రీ ఫైనలియర్ చదువుతున్నాం. మా ఫ్రెండ్ సొంతంగా రాసి, ట్యూన్ కట్టి పాడిన పాటకు వీడియో తీసి కాలేజీ ఫెస్టులో వెయ్యాలని మా కోరిక. పాట 3 నిమిషాల 20 సెకన్లు. స్టోరీబోర్డుకు, అంటే షాటుకొకటి చొప్పున, 140 బొమ్మలు గీశాం. నవంబరులో ఒక ఆదివారం భీమిలిలో షూటింగ్. ఒక ఫోను, ఒక ట్రైపాడ్ ఉన్నాయి. డ్రోన్ అద్దెకు తీసుకుందామనుకుంటున్నాం. చివర్లో సూర్యుడు సముద్రంలోకి దిగిపోతుంటే హీరో నడిచి వెళ్లిపోతాడు. ప్లాన్ సరిగ్గానే ఉందా? చాలా టెన్షన్‌గా ఉంది.
— ఒక విద్యార్థిని, విజయనగరం

జవాబు: మీరు పంపిన పేజీలన్నీ చూశాను, పాటా విన్నాను. పల్లవి మొదట్లో అమ్మాయి చెప్పులు చేత్తో పట్టుకుని తడి ఇసుకలోకి దిగే బొమ్మ ఉంది చూశారూ, ఎవరేం చెప్పినా దాన్ని మాత్రం తీసెయ్యకండి.

ముందు సూర్యుడి సంగతి. మనది తూర్పు తీరం. భీమిలిలో సూర్యుడు సముద్రంలోంచి పైకొస్తాడు, అందులోకి దిగడు. కాబట్టి మీ చివరి షాటే ఆ రోజు మొట్టమొదట తియ్యాలి. నవంబరులో ఆరు గంటలకు అటూ ఇటూగా పొద్దు పొడుస్తుంది. ఐదున్నరకల్లా ట్రైపాడ్ ఇసుకలో నిలబడి ఉండాలంటే ముందురోజు రాత్రే భీమిలి చేరుకోండి. ఎడిటింగ్‌లో క్లిప్‌ను రివర్స్ చేసి సూర్యాస్తమయం చేద్దామని చూడకండి, అలలు కూడా వెనక్కి పోతాయి. అసలు ఆ చరణానికి పొద్దుటి వెలుగే బాగా నప్పుతుందని నాకనిపించింది.

ఇక 140 బొమ్మలు. వెలుతురు సాయంత్రం ఐదున్నరలోపే అయిపోతుంది. తిండికి, బట్టలు మార్చుకోవడానికి, చోటు మారడానికి పోగా చేతికి ఎనిమిది గంటలు దక్కితే గొప్ప. అంటే 480 నిమిషాలు. షాటుకు మూడున్నర నిమిషాలు కూడా రావు. ఆదివారం బీచ్‌లో జనం పక్కకు జరిగేదాకా ఆగి, రెండు టేకులు తియ్యాలంటే పన్నెండు నిమిషాలైనా కావాలి. ఆ లెక్కన 40 షాట్లు.

ఏ 40 అన్నది పాటే చెబుతుంది. మీ పాట వేగం 96 బీపీఎం, అంటే నిమిషానికి 96 బీట్లు. నాలుగు బీట్లు కలిస్తే ఒక బారు, అది 2.5 సెకన్లు. పాట మొత్తంలో అలాంటి బార్లు 80. సగటున రెండు బార్లకో షాటు. అలాగని సమంగా పంచకండి. పల్లవిలో సింగర్ ముఖం మీద నాలుగు బార్లు, అంటే పది సెకన్లు, కదలకుండా ఉండండి. ఆ గొంతుకు అది కావాలి. రెండో బీజీఎంలో, అంటే గొంతు ఆగి వాయిద్యాలే మోగే చోట, డప్పు అందుకున్నాక బారుకొకటి మార్చుకోవచ్చు. బొమ్మలను ఫోనుతో ఫొటోలు తీసి, ఎడిటింగ్ యాప్‌లో పాట కింద వరసగా పేర్చి చూస్తే ఏది అనవసరమో మీకే తెలిసిపోతుంది.

బాపు గారు తన సినిమాలకు షాట్లను ముందే బొమ్మలుగా గీసుకునేవారు. మనకు ఆయన చెయ్యి లేకపోయినా ఫరవాలేదు, పుల్లల మనుషులైనా చాలు. కానీ ఎవరు ఎటు కదులుతున్నారో చూపే బాణాలు తప్పకుండా ఉండాలి. మీ 12వ బొమ్మలో హీరో నడుస్తుంటే సముద్రం ఎడమవైపు ఉంది, 13లో కుడివైపుకు వచ్చింది. ఈ రెండూ పక్కపక్కన పడితే, వెళ్తున్నవాడు వెనక్కి తిరిగి వచ్చేస్తున్నట్టు కనిపిస్తాడు. ప్రతి బొమ్మ కింద పాటలో ఎన్నో సెకను, ఏ లైను, ఏ చోటు, ఏ డ్రెస్సు అన్నది రాయండి. తర్వాత బొమ్మలను కత్తిరించి చోటు ప్రకారం కట్టలు కట్టండి. షూటింగ్ ఆ కట్టల వరసలోనే జరగాలి.

డ్రోన్ మానుకోండి. విశాఖ తీరంలో తూర్పు నౌకాదళం ఉంది, అనుమతుల గొడవ మీ స్థాయిలో తేలేది కాదు. పైనుంచి తీరం కనిపించాలంటే ఇంకో రోజు కైలాసగిరి ఎక్కి తీసుకోండి.

లొకేషన్‌లో స్పీకర్‌లో పాట గట్టిగా పెట్టి, ఫోనులో ఆ సౌండ్ కూడా రికార్డు కానివ్వండి. ఎడిటింగ్‌లో పెదాలు కలపడానికి అదే ఆధారం. స్లో మోషన్‌లో, అంటే సెకనుకు 60 ఫ్రేములు తీసి 30లో చూపించేటప్పుడు, పాటను రెట్టింపు వేగంతో మోగించి పాడించాలి, అప్పుడే వీడియో నెమ్మదించాక పెదాలు అసలు పాటతో కలుస్తాయి. ఇంట్లో ప్రాక్టీస్ చేయించండి, మొదట్లో నోరు తిరగదు. వీలు చూసుకుని సింగర్ మీద పాట మొత్తం ఆపకుండా దూరం నుంచి ఒక వైడ్, ముఖం దగ్గరగా ఒక క్లోజప్ తీసి ఉంచుకోండి. మిగతా షాట్లలో ఏది పాడైనా ఆ ఖాళీలో ఇవి పెట్టుకోవచ్చు.