కంబోడియా వెళ్తున్న మేనకోడలికి

చి. అమ్మలుకి మావయ్య ఆశీస్సులు.

కార్తీకంలో కంబోడియా వెళ్తున్నావటగా. అక్క ఫోన్ చేసి, "నువ్వైనా దానికి చెప్పరా" అంది. చెప్పమంటే మాన్పించమని అర్థం. నేనెందుకు మాన్పిస్తాను? మన ఇంటి ఆడపిల్ల తన జీతం డబ్బుతో అంకోర్ వాట్ చూసొస్తానంటే, పొద్దుటి నుంచి కనపడిన ప్రతివాడికీ చెప్పుకుంటున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

వీసా, ఇన్సూరెన్స్, పాస్‌పోర్టు గడువు లాంటివి నీకు నేను చెప్పక్కర్లేదు.

"అక్టోబరు చివర్లో వానలు, డిసెంబరుకి మార్చుకో" అని ఎవరైనా అంటే వినకు. అక్కడ వానలు మే నెలలో మొదలై అక్టోబరుతో తగ్గుతాయి. నువ్వు వెళ్లేసరికి మధ్యాహ్నం ఒక జల్లు కొట్టి పోతుందేమో, అంతే. డిసెంబరు వాళ్లకి దొరకనిది నీకు దొరుకుతుంది. వానాకాలంలో మెకాంగ్ నది ఎంత పొంగుతుందంటే, దానిలో కలవాల్సిన తోన్లే సాప్ నది వెనక్కి తిరిగి పెద్ద సరస్సులోకి పారుతుంది. సరస్సు నాలుగైదు రెట్లు పెరిగి అడవుల్ని ముంచేస్తుంది. వానలు వెనకపట్టాక నది మళ్లీ సముద్రం వైపు తిరుగుతుంది. ఆ రోజుల్లో సరస్సు ఒడ్డున ఉన్న కొంపాంగ్ ఫ్లుక్ అనే పల్లెకి వెళ్లు. ఎత్తయిన కర్రల మీద కట్టిన ఇళ్ల గుమ్మం దాకా నీళ్లుంటాయి, పడవ చెట్ల కొమ్మల మధ్య నుంచి పోతుంది. ఎండాకాలం వెళ్లినవాళ్లకి కనపడేది బురద, కర్రలు. క్బాల్ స్పియన్ కూడా అంతే. కొండ ఎక్కితే ఏటి అడుగున రాతిలో వరసగా శివలింగాలు చెక్కి ఉంటాయి, మీదుగా నీరు పారుతుంది. ఎండలు ముదిరితే ఆ నీళ్లుండవు.

నేను కంబోడియాలో ఉన్న రోజుల్లో బట్టంబాంగ్ ఊరి వైపు ఉండేవాణ్ని, రైస్ మిల్లుల్లో మెషీన్లు బిగించే పని మీద. పచ్చటి వరిచేలు, గట్ల మీద తాటిచెట్లు, పక్కన తాటిబెల్లం కాచే పొయ్యి. మొదటి రోజు బస్సులోంచి చూసి, ఇంకా తుని దాటలేదేమో అనుకున్నాను.

ఇక అసలు సంగతి. నాతో వచ్చిన వాళ్లలో ఒక ఎలక్ట్రీషియన్ కుర్రాడు ఉండేవాడు. ఇరవై రెండేళ్లుంటాయి, మంచి పనివాడు. వానలు తగ్గిన రోజులే అవి. అక్కడ ఇళ్ల ముందు పెద్దపెద్ద జాడీల్లో వాన నీళ్లు పట్టుకుంటారు. డెంగీ దోమకి కావలసింది అలాంటి మంచి నీళ్లే. అది రాత్రి కాదు, పగలు కుడుతుంది. మేమేమో రాత్రి దోమతెరలు కట్టుకుని, పగలు చేతుల్లేని బనియన్లతో పని చేసేవాళ్లం. వాడికి జ్వరం వచ్చింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇంటికి పంపేస్తారని, జీతం కోస్తారని భయం. మెడికల్ షాపుకెళ్లి నడుము చూపించి, తల చూపించి, ఒళ్లునొప్పుల బిళ్లలు కొనుక్కుని మింగాడు. డెంగీలో వాడకూడనివి సరిగ్గా అవే. ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ లాంటివి రక్తస్రావాన్ని పెంచుతాయి. నాలుగో రోజు జ్వరం దిగింది. అప్పుడు చెప్పాడు, నవ్వుతూ, "పోయిందండీ జ్వరం" అని. మేస్త్రీ కూడా సంతోషించి నిచ్చెన ఎక్కించాడు. డెంగీలో ప్రమాదం చాలాసార్లు జ్వరం దిగాకే మొదలవుతుందని అక్కడ ఒక్కరికీ తెలియదు. సాయంత్రానికి కడుపునొప్పి, వాంతులు. పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం. రాత్రికి రాత్రి కారు మాట్లాడి ఆసుపత్రికి తీసుకెళ్లాం. దారంతా వాడు నా చెయ్యి పట్టుకుని, అమ్మకి చెప్పొద్దండీ అనే అన్నాడు. బతికాడులే. ఇప్పుడు రావులపాలెంలో సొంత షాపు, ఇద్దరు పిల్లలు. కానీ ఆ కారు ప్రయాణం నాకింకా కలలోకి వస్తుంది.

నీకూ వాడి బుద్ధే అమ్మలూ. టెన్త్‌లో చెయ్యి విరిగితే రెండు రోజులు చున్నీలో దాచుకున్నావు, అందరూ తిడతారని. అక్కడ అలా చేశావంటే నేను ఊరుకోను. పగలే దోమల మందు రాసుకో, నిండు చేతుల బట్టలు వేసుకో, గుళ్లకి ఎలాగూ భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. జ్వరం వస్తే పారాసెటమాల్ తప్ప ఏదీ మింగకు, నీళ్లు తాగు, రక్తపరీక్ష చేయించుకో. తిరిగొచ్చాక రెండు వారాల్లో ఒళ్లు వెచ్చబడినా డాక్టరుకి కంబోడియా వెళ్లొచ్చానని నువ్వే చెప్పు, ఆయన అడిగేదాకా ఆగకు. నాకు ఏ అర్ధరాత్రయినా ఫోన్ చెయ్యి. తిట్టను.

స్కూటర్ అద్దెకి తీసుకుంటావేమో, వద్దు. అక్కడి ఆటో, తుక్‌తుక్ అంటారు, చౌక. పైగా లైసెన్సు లేకుండా నడిపితే ఇన్సూరెన్సు వాడు పైసా ఇవ్వడు.

రాజధాని నామ్ పెన్‌లో పున్నమికి నీళ్ల పండగ చేస్తారు, పడవ పందేలు. చూడాల్సిందే. పగలు గట్టు మీద నిలబడి చూసి, రాత్రి గుంపు పెరిగేలోపు రూముకి వచ్చెయ్. 2010లో ఆ పండగ చివరి రాత్రి ఒక వంతెన మీద తొక్కిసలాట జరిగి 340 మందికి పైగా పోయారు. వంతెనల మీదికి వెళ్లనని నాకు మాటివ్వు.

ప్రీహ్ విహియర్ శివాలయం నీ లిస్టులో ఉందని అక్క చదివి వినిపించింది. కొండ అంచున గొప్ప గుడి, కాదనను. కానీ అది థాయ్‌లాండ్ సరిహద్దు మీద ఉంది. 2025 జూలైలో ఆ ప్రాంతంలోనే రెండు సైన్యాలు ఫిరంగులు పేల్చుకున్నాయి. ఈసారికి కొట్టెయ్. ఆ సరిహద్దు పల్లెల్లో పాత మందుపాతరలు కూడా ఉన్నాయి, కాలిబాట దిగి అడుగు వెయ్యకూడదు. ఈ రెండు ముక్కలూ మీ అమ్మ ముందు అనకు.

బదులుగా అంకోర్ వాట్‌లో ఇంకో పూట ఉండు. తూర్పు గ్యాలరీలో క్షీరసాగర మథనం దాదాపు 50 మీటర్ల పొడవున చెక్కారు. గైడు తొందరపెడితే పొమ్మను. ఆ కథ నీకు మీ తాతయ్య చెప్పిందే.

హోటళ్ల పేర్లు, విమానం టైములు నాకు పంపు.

ఇట్లు,
మీ మావయ్య

తా.క. డాలర్లు కొత్త నోట్లే తీసుకెళ్లు. కొస చిరిగినా, గీత పడినా అక్కడ ఎవరూ తీసుకోరు, నీకు చిల్లరగా అలాంటివి ఇవ్వబోతే నువ్వూ తీసుకోకు. ఇంకో సంగతి, కూరగాయల కూర అని చెప్పినా అందులో చేపల సాస్ పోస్తారు. శనివారాలు చేస్తున్నావుగా, ముందే అడుగు.